సాఫ్టువేరు వృత్తికి కోడు మాత్రమే చాలునా?

పూర్వవిద్యార్థులు తమ తమ వృత్తులను గుఱించి ఈ యేటి సంచికకు వ్రాయవలెనని సంపాదకులుగారు కోరినప్పుడు మాకు మొదట సంకోచము కలిగినది. వైద్యుడు వ్రాసినచో రోగుల కథ లుండును. ఉపాధ్యాయుడు వ్రాసినచో బాలుర ముచ్చట లుండును. దినమంతయు నొక తెరముందు కూర్చుండి మీటలు నొక్కువారికి చెప్పదగిన దేమున్నది? అయినను గడచిన వేసవిలో భద్రాచలమునుండి ఖమ్మము పోవు బస్సులో జరిగిన యొక చిన్న సంగతి జ్ఞప్తికి రాగా కలము పట్టితిమి.

మా ప్రక్కను గూర్చున్న పదవ తరగతి బాలుడు, మేము సాఫ్టువేరు పని చేయుదుమని విని, "సార్, ఏ లాంగ్వేజి నేర్చుకుంటే ఉద్యోగం వస్తుంది? జావానా, పైథానా?" అని యడిగెను. మేము వానిలో నొకదాని పేరు చెప్పితిమి. అతడు సంతోషించి దానిని తన పుస్తకపు అట్టమీద వ్రాసికొనెను. బస్సు పాల్వంచ దాటిన పిదప, మేము చెప్పినది అసత్యము కాకున్నను చాలినది కాదని మా మనస్సునకు తోచినది. ఇంతలో కొత్తగూడెము వచ్చినది, బాలుడు దిగిపోయెను. ఆనాడు అతనికి చెప్పకపోయిన మాటలనే యిక్కడ వ్రాయుచున్నాము.

కోడు నేర్వనక్కఱలేదని మా యభిప్రాయము కాదు. ఉలి పట్టనేరనివాడు వడ్రంగి కాజాలడు. కాని ద్వారబంధమును కొలువకయే తలుపు చేసినవాని తలుపు ఎంత నునుపుగా నున్నను ఇంటికి పనికిరాదు. మా పనియు నట్టిదే. ఉదయమున మేము ఇతరులు వ్రాసిన ప్రోగ్రాములను చదువుదుము. పిమ్మట, పని కోరినవారితో మాటలాడి వారికి నిజముగా కావలసిన దేమో కనుగొనుటకు యత్నింతుము. తోడివారికి ఉత్తరములు వ్రాయుదుము. వారు మా పనిలో చూపిన తప్పులకు సమాధానము చెప్పుదుము. వీని నడుమ మిగిలిన కాలములో కోడు వ్రాయుదుము. ఈ సంగతి మాకు ఏ పాఠ్యపుస్తకమును చెప్పలేదు. ఒక వృద్ధుడు చెప్పెను. ఆయన సంగతి చెప్పుట మాకు కొంత సిగ్గుగా నున్నను, చెప్పకున్న ఈ వ్యాసమునకు ప్రయోజనము లేదు.

2015వ సంవత్సరపు వేసవి. గోదావరికి ఇరుగట్టుల నున్న గ్రామములలోని వృద్ధులకు సహాయము చేయు నొక సంస్థవారికి పేళ్ల పట్టిక నుంచు ప్రోగ్రామును మేము వ్రాసి యిచ్చితిమి. ఒకనికి బదులు వేఱొకడు సహాయము పొందకుండుటకై అందులో మేమే యొక కట్టడి పెట్టితిమి. పాత కార్డులోని జిల్లాపేరును, ఇప్పుడు నివాసముగా చెప్పు జిల్లాపేరును ఒకటే కావలెను. కానిచో పేరు చేరదు. ఏబది కల్పిత నామములతో పరీక్షించి చూచితిమి. ఒక్క తప్పైనను రాలేదు. పెద్దలు మమ్ము మెచ్చుకొనిరి, మేమును మమ్ము మెచ్చుకొంటిమి.

కొన్ని వారములకు, పని ఎట్లు సాగుచున్నదో చూతమని భద్రాచలములోని వారి కార్యస్థానమునకు పోయితిమి. అక్కడ కూనవరము మండలమునుండి వచ్చిన యొక కోయవృద్ధుడు బల్లముందు నిలువబడి యుండెను. కార్డు తడియకుండ రెండు ప్లాస్టికు సంచులలో చుట్టి తెచ్చెను. బల్లయొద్ద కుఱ్ఱవాడు వివరములను కొట్టగా తెరపై ఎఱ్ఱని యక్షరములు వచ్చినవి. "మిషన్ ఒప్పుకోవట్లేదు తాతా, రేపు రా" అనెను. ఆయన వచ్చుట అది మూడవ పర్యాయమట. ఆ దినములు తునికాకు కోయు దినములు. ఏబది యాకులకొక కట్ట చొప్పున కట్టి సాయంకాలమునకు కల్లమునకు చేర్చిననే కూలి, రానివానికి లేదు. మూడు దినముల కూలియు, మూడు మార్లు బస్సు ఖర్చును ఆయనకు పోయినవి. కార్డు చూపుమని మేము అడిగితిమి. కార్డులో ఖమ్మము జిల్లా అని యున్నది. నివాసము తూర్పుగోదావరి జిల్లా అని చెప్పుచున్నాడు. "తాతా, మీరు ఊరు మాఱినారా?" అని మేము ప్రశ్నింపగా ఆయన మా మొగము చూచి, "మా ఊరు యాడికీ పోలే బాబూ. జిల్లాలే వస్తా పోతా ఉన్నయి" అనెను.

ఆ మాటకు బదులు చెప్పుటకు మాకు నోరు రాలేదు. ఏలయన ఆయన చెప్పినది అక్షరాల చరిత్ర. భద్రాచలము తాలూకా 1959 వఱకు తూర్పుగోదావరి జిల్లాలోనిది. ఆ సంవత్సరమున ఖమ్మము జిల్లాలో చేరినది. 2014లో రాష్ట్రవిభజన వేళ, పోలవరము ప్రాజెక్టు ముంపు నిమిత్తము, కూనవరము, చింతూరు మున్నగు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయి మరల తూర్పుగోదావరి జిల్లాలో కలిసినవి. భద్రాచలము పట్టణము తెలంగాణములోనే నిలిచినది. ఆ వృద్ధుడు పుట్టినది తూర్పుగోదావరిలో, బ్రదికినది ఖమ్మములో, నిలిచియున్నది మరల తూర్పుగోదావరిలో. ఇన్నిటికిని ఆయన గుడిసె జానెడైనను జరుగలేదు. అంతటితోను ముగియలేదు. 2016 అక్టోబరులో భద్రాచలము క్రొత్తగా నేర్పడిన భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. 2022 ఏప్రిలులో కూనవరము అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది.

చదువరులు గమనింపవలసినది మఱియొకటి కలదు. ఇవి మాకు తెలియని సంగతులు కావు. మేము ఈ సీమలో పుట్టినవారము. మండలములు విడిపోయిన దినములలో జరిగిన బందులను, ధర్నాలను కన్నులార చూచినవారము. అయినను తెరముందు కూర్చుండునప్పుడు ఆ యెఱుకను గుమ్మము వెలుపల చెప్పులతోపాటు విడిచి లోనికి పోయితిమి. అది మా పనికి సంబంధించినదని మాకు తోచలేదు. కోడులో దోషమును పది నిమిషములలో సరిదిద్దితిమి. కాని అట్లు తిరస్కరింపబడిన పేళ్లు పట్టికలో మఱికొన్ని కనబడినవి. ఆయన మూడుమార్లు వచ్చెను గనుక మేము ఎఱుగగలిగితిమి. ఒక్కమాఱు వచ్చి మరలిపోయినవారి మాట యేమి?

ఆ దినమున మేము నేర్చిన మొదటి పాఠము అడుగుట, వినుట. పని నప్పగించినవారు "జిల్లాపేరు వ్రాయవలెను" అనిరి. మేము "చిత్తము" అంటిమి. "ఇది యెన్నడైన మాఱునా? మాఱినచో పాతకాగితముల గతి యేమి?" అని యొక్క ప్రశ్న వేసియున్న, బల్లయొద్ద కుఱ్ఱవాడు సయితము బదులు చెప్పియుండెడివాడు. లచ్చయ్య అని యొక కాగితములోను లక్ష్మయ్య అని యొక కాగితములోను ఉన్నవాడు ఒకడా, ఇద్దఱా? జన్మదినము తెలియని ముదుసలి ఆ గడిలో ఏమి వ్రాయవలెను? గుట్టయెక్కిననే గాని సెల్లుఫోనునకు సిగ్నలు రాని గూడెములో ఈ ప్రోగ్రాము ఎట్లు పనిచేయును? ఇవి మాదాపురములోని చల్లని గదిలో పుట్టు ప్రశ్నలు కావు. పనియున్న చోటికి పోయి, ప్రక్కను గూర్చుండి చూచిన పుట్టును.

ఈ వినుకలికి మన చెంతనే పాత యుదాహరణ మున్నది. చర్చి మిషనరీ సొసైటీవారి పక్షమున దుమ్ముగూడెములో నివసించిన జాన్ కెయిన్ దొరగారు 1870ల దశకమున భద్రాచలము, రేకపల్లి తాలూకాల జనులను గుఱించియు, కోయభాషను గుఱించియు 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికలో వ్రాసిరి. ఆయన చెప్పవచ్చినవారే, అయినను చెప్పుటకు ముందు ఆ జనుల నోటిమాటను చెవియొగ్గి విననిదే అట్టి వ్రాతలు సాధ్యములు కావు. మన కాలములో హైదరాబాదునుండి పోయి 2014లో మైక్రోసాఫ్టు సంస్థకు అధిపతియైన సత్య నాదెళ్ల, తన 'హిట్ రిఫ్రెష్' అను గ్రంథములో ఒక ముచ్చట చెప్పెను. ఆ సంస్థలో ఉద్యోగమునకై పోయినప్పుడు, కూడలిలో బిడ్డ పడి యేడ్చుచున్నచో ఏమి చేయుదువని యడిగిరట. ఆయన ఆలోచించి, అత్యవసర సహాయమునకు ఫోను చేయుదు ననెను. ముందుగా బిడ్డ నెత్తికొనవలెనని ప్రశ్నించినవారు బుద్ధిచెప్పిరట. ఉపాయము తోచినవానికంటె బిడ్డ యేడ్పు వినబడినవాడు ఈ వృత్తికి ముందు కావలెను.

రెండవ పాఠము స్పష్టముగ వ్రాయుట. దీనికి మన గోదావరియే గురువు. భద్రాచలమున నీరు 43 అడుగులకు వచ్చిన మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. ఈ మూడంకెలు తెలియనివారు ఈ తీరమున లేరు. ఎంత నీరు వచ్చిన మూట కట్టవలెనో, ఎంత వచ్చిన ఇల్లు విడువవలెనో చదువురాని ముసలమ్మయు చెప్పగలదు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినవన్న వెంటనే విన్నవారి కన్నులకు ఆ నీరు కట్టును. చెప్పిన మాటను విన్నవాడు తడబాటులేక గ్రహించి తగినపని చేయుటకంటె మంచి వ్రాతకు వేఱు పరీక్ష లేదు. తెరపై "వివరములు సరిపోలలేదు" అని మేము వ్రాసిన మాట ఈ పరీక్షలో ఓడిపోయినది. "కార్డులోని జిల్లాయు నివాసపు జిల్లాయు వేఱుగా నున్నవి" అని వ్రాసియున్నను, ఆ కుఱ్ఱవాడు మొదటి దినముననే కారణము కనుగొని మాకు తెలిపియుండును.

నీటిమట్టమును అందఱును అడుగులలోనే లెక్కించుటచేత మనకు చిక్కులేదు. చెప్పువాడు ఒక కొలతలోను వినువాడు వేఱొక కొలతలోను లెక్కించిన నేమగునో చూడుడు. అమెరికావారు అంగారకగ్రహము కడకు పంపిన 'మార్స్ క్లైమేట్ ఆర్బిటర్' అను నౌక 1999 సెప్టెంబరులో నశించినది. నౌకను నడుపు లెక్కలలో ఒక బృందమువారి ప్రోగ్రాము బలమును పౌనులలో చెప్పగా, రెండవ బృందమువారు దానిని మెట్రిక్ కొలతగా గైకొనిరి. ఇరువురును గణితములో నిపుణులే. ఈ అంకె ఏ కొలతలోనిదో సరిచూచుకొనుట మాత్రము జరుగలేదు.

మూడవ పాఠము పదిమందితో కూడి పనిచేయుట. మన లెక్కల మాస్టరుగారికి ప్రియమైన విషయము. ముగ్గురు కూడి పనిచేయునప్పుడు ఒకరితో నొకరు మాటలాడుకొను జతలు మూడు. అయిదుగురైనచో పది. పదిమందియైనచో నలువదియైదు. మనుష్యులు నాలుగింతలు పెరుగకమున్నే మాటలాడుకొనవలసిన జతలు పదునైదింతలగును. కావుననే ఆలస్యమైన పనిలో క్రొత్తవారిని చేర్చిన అది మఱింత ఆలస్యమగునని ఫ్రెడరిక్ బ్రూక్సు అను ననుభవశాలి 1975లో ప్రకటించిన గ్రంథమున హెచ్చరించెను. ఒంటరిగా ఎంత వేగముగ వ్రాయగలిగినను, తోడివానికి తెలియునట్లు చేయలేనివాని వేగము ఆ బృందమునకు బరువే. గడువును గుఱించిన మాటయు నిందులోనిదే. "రేపటికి ముగింతును" అనుట సులభము. తెలియనప్పుడు "రెండు దినములు చూచి చెప్పుదును" అనుటకు ధైర్యము కావలెను. మేము మొదటి యేండ్లలో రేపు రేపని చెప్పి ఎందఱి నమ్మకమునో పోగొట్టుకొంటిమి.

నాలుగవ పాఠము తప్పును ఒప్పుకొనుట. ఈ వృత్తిలో మన వ్రాతను తోడివారు చదివి తప్పులు పట్టుదురు. మన డిక్టేషను పుస్తకములలో పంతులుగారి యెఱ్ఱసిరా వంటిదే యిది. మొదట మాకు రోషము వచ్చెడిది. కూనవరపు వృద్ధునిముందు నిలిచిన నాటినుండి రోషము తగ్గినది. తోడివాడు పట్టిన తప్పు మాకు లజ్జ మాత్రమే. అతడు పట్టనిచో దాని భారమును మోయువాడు మఱెక్కడనో యెండలో నిలుచుండును. ఆ దినమున మేము ఆయనతో "తప్పు మిషనుది కాదు తాతా, మాది" అని చెప్పితిమి. ఆయన కోపపడలేదు. "ఐతే రేపు రానక్కర్లే గదా?" అని మాత్ర మడిగెను.

ఇక మన బాలబాలికలలో కొందఱికి ఒక న్యూనభావము కలదు. తాము ఏజెన్సీవారమనియు, ఇంట కోయయో తెలుగో మాటలాడువారమనియు, ఇంగ్లీషు తడబడుననియు కుందుదురు. ఇంగ్లీషు నేర్వవలసినదే, లోకములోని సాటిపనివారితో మాటలాడుటకు అది అవసరము. కాని మీ యింటిభాష మీకు లోపము కాదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోనులకు ఒక వింత యాపద వచ్చినది. మన తెలుగులోని 'జ్ఞా' యక్షరమును ఒకానొక రీతిగ కూర్చి సందేశముగా పంపిన, దానిని తెరపై చూపుటకు యత్నించిన యప్లికేషనులు కూలిపోయెడివి. ఆ నెలలోనే ఆపిల్ సంస్థవారు దానిని సవరించిరి. జ్ఞానమునకు మొదటి యక్షరము అంతటి యంత్రమును నిలిపివేసినది. ఒత్తులు, గుణింతములు, ఇంటిపేళ్లు, సంతలోని లెక్కలు ఎఱిగినవారు పనిచేయు చోట ఉండవలసిన యవసరమును ఇంతకంటె చక్కగా చెప్పు దృష్టాంతము మాకు దొరకలేదు.

"ఇప్పుడు కంప్యూటరే కోడు వ్రాయుచున్నది గదా, మేము నేర్చి ఏమి ప్రయోజనము?" అని కొందఱు అడుగవచ్చును. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలు ఇట్టి యంత్రములు విస్తరించినవి. మేమును వానిని వాడుచున్నాము. జిల్లాలను సరిపోల్చు ఆ కట్టడిని వ్రాయుమన్న అవి మాకంటె వేగముగ వ్రాయగలవు. కాని భద్రాచలమునకు బస్సెక్కి పోయి, ఆ వృద్ధుని ప్రక్కను నిలిచి, ప్లాస్టికు సంచులు విప్పు ఆ చేతులను చూచి "ఏమి జరిగినది తాతా?" అని యడుగవలసినవాడు మనుష్యుడే. కోడు వ్రాయుట తేలికయైన కొలదియు, ఏది వ్రాయవలెనో ఎఱుగుట విలువైనదగుచున్నది.

ఈ నేర్పులకు రుసుము లేదు, కంప్యూటరు గదియు నక్కఱలేదు. సెలవులలో ఊరికి పోయినప్పుడు కల్లమువద్ద ఒక సాయంకాలము నిలిచి, తునికాకు కట్టలను ఎవరు ఎట్లు లెక్కింతురో, తగవు ఎక్కడ పుట్టునో చూచి రెండు పుటలు వ్రాయుడు. వ్రాసినదానిని లెక్కించువానికే చదివి వినిపింపుడు. అతడు "కాదు" అన్న ప్రతిచోటును మీకొక పాఠము. హాస్టలులో క్రొత్తగా చేరిన ఆఱవ తరగతి పిల్లవానికి, మీ సహాయము లేకయే బ్యాంకు స్లిప్పు నింపుకొనునట్లు సూచనలు వ్రాసి యిచ్చి, ప్రక్కను మౌనముగా నిలిచి చూడుడు. మౌనముగా నిలుచుట కష్టమని మీకే తెలియును. మీ అవ్వకు మీరు నేర్చిన సంగతినొకదానిని తెలియునట్లు చెప్పుడు. తెలియనిది కనబడినప్పుడు "నాకు తెలియదు" అని తరగతిలో నిలిచి చెప్పుడు. ఇరువదియేండ్లు వచ్చుసరికి ఇవి యలవాటైనచో, జావాయో పైథానో మీరు కొన్ని నెలలలో నేర్చుకొందురు. ఇవి లేక అవి నేర్చినవానికి మాకు కలిగినట్టి యనుభవమే కలుగును.

ఆ వృద్ధుడు ఇప్పుడున్నాడో లేడో మే మెఱుగము. ఆయన పేరు ఆనాడే పట్టికలో చేరినది. తెరపై ఆకుపచ్చ యక్షరములు వచ్చినప్పుడు ఆయన వానిని చదువలేదు. బల్లయొద్ద కుఱ్ఱవాని మొగమును చూచి పని ముగిసినదని గ్రహించెను. పిమ్మట కార్డును మొదటి సంచిలో పెట్టి, దానిని రెండవ సంచిలో పెట్టి, చివరలు మడచి, అంగీ లోపల దాచుకొని చింతూరు బస్సునకై పోయెను. నేటికిని మేము క్రొత్త పని యేదైన మొదలిడునప్పుడు, మా వ్రాత యెవరి కార్డును త్రోసివేయునో యని ఆ రెండు సంచులను తలచుకొందుము. బస్సులోని ఆ బాలుడు మన పాఠశాలవాడో కాడో తెలియదు. ఈ పుటలు అతని కంట పడినచో, అట్టమీద వ్రాసికొన్న ఆ పేరు ప్రక్కను మఱియొక మాట వ్రాసికొనవలెనని మా కోరిక: "అడిగి తెలిసికొనుము." ప్రభువు మన విద్యార్థులకు నేర్పుగల చేతులతోపాటు వినగల చెవులను ప్రసాదించుగాక.